దండెం మీద తెల్లచొక్కా

"బట్టలు!" అని ఎదురింటి మేడ మీంచి టైలరక్క కేకేసింది.

ఆ వీధిలో ఆ ఒక్క మాట చాలు. ఎవరి బట్టలని ఎవరూ అడగరు. పొయ్యి మీదిది పొయ్యి మీద, చేతిలోది చేతిలో ఎక్కడిదక్కడ వదిలేసి ప్రతి ఇంట్లోంచీ ఒక ఆడమనిషి మేడ మెట్లెక్కుతుంది. వీధి చివరి ఖాళీ స్థలంలో వాచ్‌మన్ చెత్తకుప్పకి నిప్పు పెట్టాడని, పొగ ఇటు తిరిగేలోగా దండేల మీది బట్టలు లోపలికి చేరాలని ఆ కేకకి అర్థం. ఎవరు ముందు చూస్తే వాళ్ళు అరుస్తారు. ఎక్కువసార్లు టైలరక్కే అరుస్తుంది. ఆవిడ కుట్టుమిషను పక్కనున్న కిటికీ ఆ స్థలం వైపుకే తెరుచుకుంటుంది.

టైలరక్కకి ఎదురింట్లో ఉండే ఆమె కూడా మెట్లెక్కింది. బట్టలు తియ్యడానికి ఒక వరస ఉంది. పెళ్ళయిన కొత్తల్లో వాన వచ్చినప్పుడు అత్తగారు నేర్పిన వరస అది, ఇప్పుడు పొగకి పనికొస్తోంది. ముందు భర్త తెల్లచొక్కాలు, తర్వాత పిల్లల యూనిఫారాలు, తర్వాత దుప్పట్లు, ఆఖర్న తనవి. తెలుపుకి పొగ పడదని అత్తగారు చెబుతుంది. తీసిన క్లిప్పులు పళ్ళ మధ్య పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఈ మధ్య ఆమెకి అది కుదరడం లేదు. దగ్గొస్తే క్లిప్పులు జారిపోతాయి. ఏరుకోడానికి వంగితే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. అంతలో పొగ వచ్చేస్తుంది.

కట్టెల పొగలా ఈ పొగ పైకి పోదు. గోడలు పట్టుకుని నడిచొస్తుంది. పాల ప్యాకెట్లు, కవర్లు, పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు, వైరు ముక్కలు, పసిపిల్లలకి కట్టి పారేసిన డైపర్లు, అన్నీ అందులో ఉంటాయి. మొదట గొంతులో కాస్త తియ్యగా తగులుతుంది. ఆ తర్వాత గీరుతుంది. ఆమె ఆఖరి దుప్పటి లాగి భుజాన వేసుకుని కిందికి దిగేసరికి ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉంటాయి. సందుల్లోంచి పొగ రాకుండా అత్తగారు తలుపు గడియ కూడా బిగిస్తుంది. తలుపు తట్టాలి. తట్టగానే తియ్యదు.

"చొక్కాలొచ్చాయా?" అని లోపలినుంచి అడుగుతుంది.

వచ్చాయంటే గడియ తీస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ వీధిలో నిప్పు ఒకరిది, పొగ ఇంకొకరిది. నిప్పు ఆమె భర్తది. అగ్గిపుల్ల గీసేది వాచ్‌మనే గానీ, ఆలోచన ఆయనది. చెత్తబండి ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, ఇష్టం లేకపోతే మానేసేది. వీధి మొగలో పెట్టిన డబ్బా నిండిపోయి, కుక్కలు సంచులు చింపి గుమ్మాల దాకా ఈడ్చేవి. వీధిలోని మగవాళ్ళంతా ఒక ఆదివారం కుర్చీలు వేసుకుని సంఘం పెట్టుకున్నారు. ఆయన్ని సెక్రటరీని చేశారు. ఖాళీ స్థలం యజమాని ఊళ్ళో ఉండడు, వాచ్‌మన్ మనవాడే, చీకటిపడే వేళ తగలబెట్టేస్తే సరి అని ఆయన చెప్పాడు. పగలైతే పొగ దూరం నుంచి కనబడుతుంది, ఎవరైనా ఫిర్యాదు చేస్తారు. చీకట్లో పొగ ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? అందరూ చప్పట్లు కొట్టారు. వీధి శుభ్రపడింది. ఆనాటి నుంచి ఆయన సెక్రటరీగారు, ఆమె సెక్రటరీగారి ఆవిడ. చీపురు పట్టినవాళ్ళు ఆడవాళ్ళు, పేరు సంఘానిది.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి మంట చల్లారిపోతుంది. ఆయన పొద్దున్న నడకకి వెళ్ళినప్పుడు బూడిద చూస్తాడు. తన ఏర్పాటు ఎంత బాగా సాగుతోందో బూడిదని చూసి చెబుతాడు.

ఆమె ఒకసారి అడక్కపోలేదు. ఈ పొగ ఆపలేమా అని, భోజనాల దగ్గర, కూర వడ్డిస్తూ అడిగింది. ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. "చెత్త ఎక్కడికి పోవాలో నువ్వు చెప్పు, మీటింగులో పెడతాను" అన్నాడు. తడిది వేరు చేసి, ప్లాస్టిక్ కడిగి ఆరబెట్టి పెడితే పాత సామాన్లవాడు పట్టుకుపోతాడని ఆమె చెప్పింది. ఎక్కడో చదివింది కాదు, తను ఉద్యోగం చేసే షాపులో తోటి అమ్మాయి ఇంట్లో అలాగే చేస్తారు. "మంచిదేగా, మన ఇంట్లోనే మొదలెట్టు" అన్నాడాయన. ఆ మాటతో ఆ ఆలోచన సంఘానికి చెందాల్సింది కాస్తా ఆమె పనిగా మారిపోయింది.

అప్పట్నుంచి గిన్నెలు తోమడం అయ్యాక పాల ప్యాకెట్లు కడిగేది. నూనె కవర్లకి జిడ్డు వదలదు, వేణ్ణీళ్ళు కావాలి. కడిగినవి మేడ మీద, అదే దండేనికి, బట్టల పక్కన క్లిప్పులు పెట్టి ఆరేసేది. అది చూసి అత్తగారు ముక్కున వేలేసుకుంది. "చెత్తకి కూడా స్నానాలు చేయిస్తున్నావా అమ్మాయ్? చూసేవాళ్ళు మనకి కట్టుకోడానికి గుడ్డల్లేక కవర్లు ఉతుక్కుంటున్నాం అనుకుంటారు." కొడుకు తన స్నేహితులు మేడ మీదికి వచ్చే రోజున అవి తీసెయ్యమన్నాడు. ఆమె తీసేసి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఆరేసింది. పెద్ద సంచీ నిండింది. పాత సామాన్లవాడు వచ్చే రోజు కోసం మెట్ల కింద పెట్టింది.

వాడొచ్చాడు. సంచీ లేదు.

ఆ రోజు భర్త వచ్చి కాళ్ళు కడుక్కుంటూ తనే చెప్పాడు. రాత్రి వానకి కుప్ప తడిసిపోయింది, సాయంత్రం అంటుకోదేమోనని వాచ్‌మన్ పొద్దున్నే వచ్చి ఎండుగా ఏమైనా ఉందా అని అడిగాడట. "నీ కవర్లు ఇచ్చి పంపాను. భలే పనికొచ్చాయి. శుభ్రంగా ఆరబెట్టావేమో, గుప్పున అంటుకుందట." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఆమె తువ్వాలు అందించింది. వేణ్ణీళ్ళలో ఒక్కొక్క కవరూ తిరగేసి జిడ్డు వదిలించిన వేళ్ళవి. ఆ సాయంత్రం టైలరక్క కేకకి తను మేడ మీదికి పరుగెత్తి తీసిన బట్టలు గుర్తొచ్చాయి. ఆవేళ పొగ ఎప్పటికన్నా ముందే వచ్చింది.

దగ్గు మొదలైనప్పుడు ఎవరూ దాన్ని దగ్గనుకోలేదు. గొంతు సవరించుకోవడం ఆమెకి అలవాటైపోయిందని భర్త అన్నాడు. తర్వాత, నిద్ర చెడుతోందని, పొద్దున్నే ఆఫీసుకెళ్ళాల్సిన మనిషినని చెప్పి ఆమెని కూతురి గదిలో పడుకోమన్నాడు. అక్కడా కొడుకు రాత్రి పొద్దుపోయేదాకా చదువుకునే బల్ల ఉంది. వాడికి చదువుకునేటప్పుడు దగ్గు చప్పుడు పడదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి దగ్గేది. దగ్గడానికి కూడా ఆ ఇంట్లో ఆమెకి వంటిల్లే దొరికింది.

డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. సిగరెట్ తాగుతారా అని అడిగాడు. పక్క కుర్చీలో ఉన్న భర్త నవ్వాడు. "ఆ ఒక్కటే తక్కువ డాక్టరుగారూ" అన్నాడు. పొగలో ఉండద్దని డాక్టరు చెప్పాడు. వంటింటి కిటికీ తీసి ఉంచమని కూడా చెప్పాడు. వంటింటి కిటికీ ఖాళీ స్థలం వైపే ఉందని ఆమె చెప్పబోయింది. భర్త అప్పటికే లేచి నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అత్తగారికి విషయం చెబితే ఆవిడ తేల్చిపారేసింది. "కట్టెల పొయ్యి ఊది ఊది ఇంతమందికి వండాం. మేం పొగ పీల్చలేదా? మాకేమైంది? ఇప్పటి ఆడవాళ్ళకి అన్నీ రోగాలే."

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. కౌంటర్లో నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిచేసి, గోడ మీది అక్షరాలు చదివించి, కళ్ళ డాక్టరుగారి గదిలోకి పంపడం ఆమె పని. ముసలివాళ్ళు కింది వరస కనబడకపోయినా కనబడిందని అబద్ధం చెబుతారు. ఆమె కోప్పడకుండా అబద్ధం పట్టుకునేది. అందుకని కొందరు ఆమె ఉందో లేదో బయటినుంచే చూసుకుని లోపలికొచ్చేవాళ్ళు. ఫ్రేము పెట్టాలంటే మనిషి మొహానికి మొహం దగ్గరగా పెట్టాలి. అలా పెట్టినప్పుడు దగ్గు వస్తే ఎవరైనా వెనక్కి జరుగుతారు. ఒకాయన అద్దాలు కొనకుండానే వెళ్ళిపోయాడు. షాపు యజమాని మర్యాదస్తుడు. అందరూ వెళ్ళాక పిలిచి చెప్పాడు. "ఇది కళ్ళ షాపమ్మా. నువ్వలా దగ్గుతుంటే జనం క్షయ ఆస్పత్రి అనుకుంటున్నారు. కొన్నాళ్ళు వెనక గదిలో ఉండు."

వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ఉంది. దాని పక్కనే గోడకి గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించాడు. ఆమె దాని కేసి చూస్తుంటే యజమాని, "మిషనుకి దుమ్ము పడదు, ఖరీదైంది" అని వివరించాడు. కౌంటర్లో ఆమె స్థానంలోకి షాపులో చేరి ఇంకా ఏడాది నిండని కుర్రపిల్ల వచ్చింది. వెనక గదిలో ఆమె ఆ ఫ్యాను కిందే స్టూలు వేసుకుని కూర్చుంది. రోజు మొత్తం మీద గాలి సరిగా అందేది అక్కడే. తనకోసం కాకుండా మిషను కోసం పెట్టిన గాలి అని తెలుసు. అయినా పీల్చుకుంది.

ఒక రోజు షాపులో స్టాకు సర్దడంతో ఆలస్యమైంది. బస్సు దిగి మలుపు తిరిగేసరికి వీధి చివర పొగ లేచి ఉంది. ముందుగా ఆమెకి చొక్కాలే గుర్తొచ్చాయి. ఉదయం మూడు ఆరేసింది. నడక పెంచింది, ఆయాసం వచ్చి గోడ పట్టుకుంది, తలెత్తి తమ మేడ కేసి చూసింది.

మేడ మీద కూతురుంది.

మూతికి తువ్వాలు కట్టుకుంది. అది జారిపోయి మెడలోకి దిగింది, ఎందుకంటే పళ్ళ మధ్య క్లిప్పులున్నాయి. దండెం అందక మునివేళ్ళ మీద లేస్తోంది. భుజం మీద చొక్కాలు మూడూ ఉన్నాయి. ఇప్పుడు యూనిఫారాలు తీస్తోంది. వెనక పొగ పిట్టగోడ దాటి లోపలికొస్తోంది. ఆ పిల్ల దాని కేసి చూడలేదు. దుప్పట్లు, ఆ తర్వాత అమ్మ బట్టలు. వరస తప్పలేదు.

ఆమె గుమ్మం చేరేసరికి కూతురు తలుపు తడుతోంది. లోపలినుంచి మామూలు ప్రశ్నే వచ్చింది. "అన్నీ వచ్చాయి నాన్నమ్మా, ఒక్కటి కూడా వదల్లేదు" అంది పిల్ల. గడియ తీసిన అత్తగారి మొహం వెలిగిపోతోంది. "ఇక నీకు బెంగ లేదు అమ్మాయ్. నీకు దగ్గు కదా అని దీన్ని పంపాను. తల్లిని మించిపోయింది."

"వాణ్ణి పంపాల్సింది" అంది ఆమె. కొడుకు లోపల గదిలో కిటికీ మూసుకుని ఉన్నాడు. చెల్లెలికన్నా మూడేళ్ళు పెద్దవాడు, దండెం చేతికందుతుంది.

"వాడికి పరీక్షలు. అయినా మగపిల్లాడికి ఏ బట్ట ముందు తియ్యాలో ఏం తెలుస్తుంది?"

భర్త వచ్చాక ఈ సంగతి ఆయనకి చేరింది. కూతురి తల నిమిరి, "అబ్బో, అసిస్టెంట్ సెక్రటరీ" అన్నాడు. అందరూ నవ్వారు. కొడుకు కూడా నవ్వాడు. పిల్ల సిగ్గుపడి నవ్వబోయి దగ్గింది. చిన్న దగ్గు, పొడిది. చటుక్కున అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికీ ఇబ్బంది కలక్కుండా వంటింట్లోకి వెళ్ళి మిగతాది దగ్గి వచ్చింది.

పడుకోబోయే ముందు ఆమె కూతుర్ని అడిగింది, ముందు చొక్కాలు తియ్యాలని నాన్నమ్మ చెప్పిందా అని.

"ఎవరూ చెప్పలేదు. నువ్వు తీస్తుంటే చూడలేదా?"

ఇన్నాళ్ళూ తను ఆ పిల్లకి ఏమీ నేర్పలేదనే అనుకుంది. వంట నేర్పలేదు, అందరికీ వడ్డించి ఆఖర్న తినడం నేర్పలేదు, చదువుకో చాలు అంది. నేర్పక్కర్లేకుండా పోయింది. పొగ వస్తే మనిషి లోపలికి పోవాలి. కుక్కలు కూడా అంతే చేస్తాయి, మంట మొదలవగానే వీధి ఈ చివరికి వచ్చేస్తాయి. ఆ వీధిలో పొగని చూసి బయటికి పరుగెత్తేది ఆడవాళ్ళొక్కళ్ళే. బట్టలని కాపాడుతున్నామనుకుంటూ, చొక్కా ఎంత తెల్లగా లోపలికి వచ్చిందో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ, రోజూ ఆ పొగకి ఎదురెళ్ళారు. టైలరక్క కేకేసినప్పుడు ఒక్కసారైనా "పిల్లలు!" అని ఎవరైనా అరిచారా? తను అరిచిందా?

ఆ వారం సంఘానికి పండగలా ఉంది. పట్టణంలోని వీధులన్నిట్లోకీ శుభ్రమైన వీధిని ఎంపిక చేస్తున్నారని, పరిశీలించడానికి మనుషులు వస్తున్నారని తెలిసింది. గెలిచిన వీధి మొగలో బోర్డు పెడతారట, దాని మీద సెక్రటరీ పేరు ఉంటుందట. భర్త ముందు రోజు సెలవు పెట్టాడు. కాలవల్లో ఇరుక్కున్న కవర్ల దగ్గర్నుంచి గోడల వెనక దాచిన చెత్త దాకా అన్నీ లాగించి కుప్ప పోయించాడు. అది వాచ్‌మన్ గుడిసె కన్నా ఎత్తు లేచింది. సాయంత్రం కాస్త ముందుగానే తగలబెట్టి, తెల్లారేసరికి బూడిద ఎత్తెయ్యాలని చెప్పాడు.

"కొత్త తెల్లచొక్కా ఉతికి ఆరేశావా?" అని రెండుసార్లు అడిగాడు. ఆరేశానంది. అది నిజం. ఎండ బాగా తగిలే చోట, దండెం మధ్యలో ఆరేసింది. షాపుకి ఆ పూట సెలవు చెప్పింది.

"బట్టలు!" అని టైలరక్క కేక వినబడింది.

కూతురు పుస్తకం పక్కన పడేసి తువ్వాలు అందుకుంది. ఆమె పిల్ల మణికట్టు పట్టుకుంది.

"కూర్చో. జడ వేస్తాను."

"అమ్మా, నాన్న చొక్కా..."

"కూర్చో."

పిల్ల కూర్చుంది. ఆమె వంటింటి కిటికీ మూసింది, గదుల్లో కిటికీలు మూసింది, తలుపు కింద తడిగుడ్డ చుట్టి పెట్టింది. ఈ పనులన్నీ ఇన్నాళ్ళూ అత్తగారు చేసేది. వచ్చి దువ్వెన తీసుకుని కూతురి వెనక కూర్చుంది. ఎదుటి మేడ మీద టైలరక్క బట్టలు తీస్తూనే ఉందని కిటికీ అద్దంలోంచి కనబడుతోంది. ఆవిడ ఆపలేదు. దండెం మీద ఉన్నవి గిరాకీల బట్టలు, వాసన వస్తే ఎవరూ తీసుకోరు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఇటు చూసి, ఖాళీగా ఉన్న వీళ్ళ మేడని, నిండుగా ఉన్న దండేన్ని చూసి నిలబడిపోయింది.

కుర్చీలో ఉన్న అత్తగారు ఇద్దరి కేసీ మార్చి మార్చి చూసింది. ముందు గదిలో ఫోన్లో మాట్లాడుతున్న భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"బట్టలు తీశారా?"

"లేదు. నేనూ అమ్మాయీ లోపలే ఉన్నాం."

"మరి రేపటి చొక్కా?"

"మేడ మీదుంది."

ఆయనకి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. నీకేమైనా పిచ్చా అన్నాడు, పొగ వచ్చేస్తోందన్నాడు, ఆ చొక్కా కంపు కొడుతుంటే రేపు వాళ్ళ పక్కన ఎలా నిలబడాలన్నాడు. ఆమె పాయలు విడదీస్తూ వింది. తిట్టి లాభం లేదనిపించి కూతురి కేసి తిరిగాడు. "నువ్వు వెళ్ళమ్మా, నువ్వైతే చటుక్కున తెచ్చేస్తావు." పిల్ల కదలబోయింది. జడ తల్లి చేతిలో ఉంది. ఆమె గట్టిగా లాగలేదు, వదల్లేదు కూడా. పిల్ల ఆ చేతిని కొలుచుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

లోపలి గదిలో కొడుకు పేజీ తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. తండ్రి వాణ్ణి పిలవలేదు. ఎవరికీ వాడు గుర్తు రాలేదు.

ఆయన తలుపు విసురుగా తీసుకుని మెట్లెక్కాడు. గుప్పున పొగ లోపలికొచ్చింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, తలుపు మూసి, అలవాటు కొద్దీ గడియ బిగించింది. పైన అడుగులు తడబడ్డాయి. క్లిప్పులు నేల మీద పడి దొర్లాయి. ఏ బట్ట ముందు తియ్యాలో ఆయనకి తెలియదు, దుప్పటి లాగినట్టున్నాడు, దండెం కిర్రుమంది. ఆ తర్వాత దగ్గు మొదలైంది. ఆ ఇంట్లో అందరికీ అలవాటైన దగ్గు కాదు. ఊపిరాడక, తిట్టడానికి ప్రయత్నిస్తూ, మధ్యలో తెగిపోతున్న మగగొంతు దగ్గు.

అత్తగారు తల పైకెత్తి విని, కోడలి కేసి తిరిగింది. మొట్టమొదటిసారి ఆవిడ గొంతులో భయం వినబడింది.

"కూర్చున్నావేం అమ్మాయ్? వెళ్ళి వాణ్ణి తీసుకురా. వాడికి పొగ పడదు."

ఆమె జడ కొసకి రబ్బరు బ్యాండు వేసింది.

"ఎవరికి పడుతుంది అత్తయ్యా?"

మెట్ల మీద అడుగులు దిగి వచ్చాయి. తలుపు మీద అరచేత్తో దబదబా బాదిన చప్పుడు, మధ్యలో దగ్గు. అత్తగారు ఒక అడుగు వేసి, మోకాలు పట్టేసి గోడని ఆసరా చేసుకుంది. ఆమె లేచి తలుపు దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళలో ఆ గడియని లోపలివైపు నుంచి, ఆ వేళప్పుడు, ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇనుము చల్లగా ఉంది. దాని మీద చెయ్యి వేసి, తియ్యకుండా అడిగింది.

"చొక్కా వచ్చిందా?"